స్తంభము మీది కన్ను

ఏటేట ఈ సంచిక అచ్చునకు పోవుటకు పది దినముల ముందు, సంపాదకవర్గములోని విద్యార్థులు మా గది గుమ్మము కడ నిలిచి "అయ్యా, తమ వ్యాసము" అని యడుగుట వాడుక. మేము గణితము బోధించువారమగుటచే మా వ్యాసములు సామాన్యముగ అంకెలతో నిండి, చివరి పుటలలో ప్రకటనల ప్రక్కన చోటు చేసికొనుచుండును. ఈ యేడు మాత్రము వారు అడుగకమునుపే వ్రాయ సంకల్పించితిమి. మేమొక ఋణము పడియున్నాము. గడచిన ఆగస్టు మాసమున వక్తృత్వ సమాజ సభకు అధ్యక్షత వహించి, తుదిపలుకులు పలుకవలసిన సమయమున, గంట మ్రోగినదను నెపమున సభను ముగించి లేచి వచ్చితిమి. గంట మ్రోగిన మాట నిజమే. అది మ్రోగకున్నను ఆనాడు మాకడ పలుకదగిన మాట యేదియు లేకుండెను.

ఆనాటి చర్చావిషయము, జనులు కాపురముండు శివారు ప్రాంతముల రోడ్లపై వేగమును పట్టు కెమెరాలు న్యాయమైనవియా, కావా యనునది. అనుకూల పక్షమువారు కేంద్ర రవాణాశాఖ నివేదికను ముందు పెట్టిరి. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరనియు, అందు నూటికి 71 మందికి పైగా అతివేగము మూలముననే మరణించిరనియు చదివిరి. ప్రతిపక్షమువారు యంత్రమునకు దయ లేదనియు, ఆసుపత్రికి పరుగెత్తు తండ్రియు షికారు పోవు యువకుడును దానికొక్కటే యనియు వాదించిరి. దానికి ప్రత్యుత్తరముగ, యంత్రమునకు దయ లేకపోవుటయే దాని సుగుణమనియు, అది ముఖము చూడదు, కులమడుగదు, మామూలు పుచ్చుకొనదనియు ఒక బాలిక చెప్పగా సభ యంతయు చప్పట్లు చరచెను. మేమును చరచితిమి.

అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, ఏ పక్షమునను పేరు ఇయ్యనివాడు, సభికులకు ఇచ్చు రెండు నిమిషములను కోరి లేచెను. వాడు మాటకారి కాడు. "ఆ కెమెరా మా నాయనను మూడు మార్లు చూచినది. మా నాయన దానిని ఒకసారియు చూడలేదు" అని మాత్రము చెప్పి కూర్చుండెను. పిల్లలు కొందరు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. ఏలనన, ఆ కెమెరాను మా యూరికి రప్పించిన అర్జీ మా చేతివ్రాతలోనిదే.

మా పాఠశాల యెదుటి రోడ్డును ఎఱుగని తల్లిదండ్రులు లేరు గాని, మా పూర్వవిద్యార్థులలో అనేకులు దూరదేశములందుండుటచే కొంత చెప్పవలసియున్నది. వారు చదివిన దినములలో అది ఎడ్లబండ్లు పోవు బాట. ఇరుప్రక్కల వేపచెట్లుండెను. నేడు అది నాలుగు వరుసల తారు రోడ్డు. హైదరాబాదు నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మాకు కూతవేటు దూరముననే పోవుచున్నది. ఆ రింగు రోడ్డుపై 2023 నుండి గంటకు 120 కిలోమీటర్ల వరకు పోవచ్చును. అచట పాదచారులకును ద్విచక్ర వాహనములకును ప్రవేశము లేదు. గంటసేపు ఆ వేగమునకు అలవాటుపడిన కన్ను మా యూరి దారిలోనికి దిగగానే 60 వేగమును నడకగ తలచును. ఇది డ్రైవర్ల దుర్మార్గము కాదు, మనుష్యుని కంటి స్వభావము. దిగువనున్న మా రోడ్డు మీద 40 అని బోర్డు కలదు. రోడ్డు వెడల్పు మాత్రము "పొమ్ము, పొమ్ము" అని పిలుచుచుండును. నడచువారికి ప్రత్యేకమైన కాలిబాట లేదు. ఉన్న కొద్దిపాటి అంచును కొబ్బరిబోండాల బండ్లును, టైర్ల దుకాణమువారి పాత టైర్లును ఆక్రమించియున్నవి.

2022 జూన్ మాసమున, బడులు తెఱచిన మొదటి వారముననే, మూడవ తరగతి చదువు చిన్నది ఒకతె సాయంకాలము రోడ్డు దాటుచు కారు తగిలి పడిపోయెను. దైవానుగ్రహమున ప్రాణము నిలిచినది. తొడ యెముక విఱిగి నాలుగు నెలలు మంచము పట్టినది. కారు ఆగలేదు. దాని నంబరు చూచినవారును లేరు. ఆ రాత్రియే మేము కూర్చుండి అర్జీ వ్రాసితిమి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, దుకాణదారులు సంతకములు చేసిరి. పెక్కుమార్లు కార్యాలయముల చుట్టు తిరిగిన పిదప 2023 ఆగస్టులో రోడ్డు మలుపునకు ఆవలనున్న స్తంభము మీద కెమెరా వెలసెను. మిఠాయి పంచితిమని చెప్పుటకు ఇపుడు సిగ్గగుచున్నది గాని, పంచినమాట నిజము.

ఆ దినములలో పదవ తరగతికి చేయించిన లెక్క యొకటి చదువరులకు నివేదింతుము. అది ఈ వివాదమున ఒక పక్షమునకు గట్టి యాధారము. ఒక కారు గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నది. అడ్డువచ్చిన బిడ్డను చూచి బ్రేకు త్రొక్కుటకు డ్రైవరునకు ఒక సెకను పట్టుననుకొందము. ఆ సెకనులో బండి 11 మీటర్లు పోవును. పిమ్మట పొడి రోడ్డుపై, మంచి బ్రేకులతో, నిలుచుటకు మఱి 9 మీటర్లు కావలెను. వెరసి 20 మీటర్లు. అదే కారు 60 వేగమున వచ్చినచో మొదటి సెకనులోనే దాదాపు 17 మీటర్లు దాటిపోవును. బ్రేకులు పట్టిన 3 మీటర్లకే, మొదటి కారు నిలిచిన చోటు వచ్చును. ఆ చోట రెండవ కారు వేగమెంత యని అడుగగా పిల్లలు 20 అనిరి, 30 అనిరి. లెక్క కట్టి చూడగా సుమారు 55 వచ్చెను. మొదటి కారు బిడ్డ ముందర నిలిచిపోయిన చోట, రెండవది 55 కిలోమీటర్ల వేగముతో బిడ్డను తాకును. ఆనాడు తరగతిలో చాలసేపు ఎవ్వరును మాటాడలేదు. కేవలము 20 కిలోమీటర్లే కదా యని యనువారికి మేము ఈ లెక్కనే చూపుచున్నాము.

ఆ యంత్రము పనిచేయు విధము కూడ తెలిసికొనదగినది. కొన్ని రేడియో తరంగములను వదలి, కదలు బండి మీదనుండి తిరిగివచ్చునప్పుడు వానిలో కలిగిన మార్పును బట్టి వేగమును కనుగొనును. మఱికొన్ని కాంతికిరణములను క్షణమునకు అనేకమార్లు పంపి, అవి తిరిగివచ్చు కాలమును కొలిచి, బండి యెంత దగ్గఱకు వచ్చినదో లెక్కించును. ఈ విద్యకు ఆద్యులలో హాలెండు దేశస్థుడగు మారిట్స్ గాట్సోనిడెస్ ఒకడు. ఆయన 1953లో మాంటీ కార్లో కార్ల పందెమున గెలిచిన వీరుడు. మలుపుల కడ తన వేగము ఎంత తగ్గుచున్నదో చూచుకొని మఱింత వేగముగ పోవుటకై ఈ పరికరమును కల్పించెనట! వేగము పెంచుకొనుటకు పుట్టిన యంత్రము వేగమును దండించుటకు అక్కరకు వచ్చినది.

ఇక మా కథ. సెప్టెంబరు నెలలో నొక ఉదయము, ప్రార్థనకు ఆలస్యమగుచున్నదని తొందరపడి, మేము మోటారు సైకిలుపై ఆ స్తంభము ముందునుండియే పోతిమి. మూడవ దినమున సెల్‌ఫోనునకు చలాను వచ్చెను. తెఱచి చూతుము గదా, మా బొమ్మ, మా బండి, మా నంబరు, వేగము 58. ఉపాధ్యాయుల గదిలో ఎంత నవ్వు పుట్టినదో వ్రాయనక్కఱలేదు. అర్జీ వ్రాసినవానికే తొలి తాంబూలము ఇచ్చినారని మా తెలుగు పండితులవారు పరిహసించిరి. మేమును నవ్వుచు, టీ చల్లారకముందే, రుసుముతో కూడ 1,035 రూపాయలను ఫోనులోనే చెల్లించి, అందఱికిని రసీదు చూపితిమి. చట్టము ఎంత చక్కగ పనిచేయుచున్నదో యని లోలోన గర్వించితిమి కూడ. ఆనాటినుండి ఆ దారిలో 40 మీఱలేదు. కాబట్టి దండనము వలన గుణము కలుగదనువారి మాటను మేమంగీకరింపము. మాకు కలిగినది.

అక్టోబరు రెండవ వారమున ఏడవ తరగతిలో నొక బాలుడు ఆఱు దినములు బడికి రాలేదు. తిరిగివచ్చిన దినమున కారణమడిగితిమి. వాడు చెప్పలేదు. చెప్పని తప్పునకు బెంచీ మీద నిలువబెట్టితిమి. సాయంకాలము వాని తండ్రి వచ్చి మా గది బయట చెప్పులు విడిచి నిలువబడెను. ఆయన ట్రాలీ ఆటో నడుపువాడు. బండి సొంతము కాదు, దినమునకింత యని అద్దెకు తీసికొనును. తెల్లవాఱుజామున చుట్టుప్రక్కల పల్లెలనుండి కూరగాయలను రైతు బజారునకు చేర్చి, తెల్లవాఱినపిదప దొరికిన సరకు వేయును. పెట్రోలు, అద్దె పోగా 600 రూపాయలు మిగిలిన దినము మంచిదినము. సెప్టెంబరులో పదునొకండు దినముల వ్యవధిలో ఆయన బండిని ఆ కెమెరా మూడుమార్లు పట్టినది. చలానులు బండి యెవరి పేర నున్నదో ఆ యజమాని ఫోనునకు పోయినవి. యజమాని వానిని పోగుచేసి, నెల దాటినపిదప, అద్దె లెక్కలో 3,105 రూపాయలు కలిపి చెప్పినాడు. మూటలెత్తు కూలివానికి ఇచ్చు సొమ్ము మిగుల్చుటకై తండ్రి కొడుకును వెంట తీసికొనిపోయినాడు. బాలుడు ఆఱు దినములు వంకాయ బస్తాలు మోసినాడు. మేము వానిని బెంచీ ఎక్కించితిమి.

"వేగముగ పోయినమాట నిజమేనా?" యని అడిగితిమి. ఆయన చెప్పిన మాటలను ఆయన పలుకుబడిలోనే వ్రాయుచున్నాము: "తప్పు నాదే సారూ, కాదంటలేను. గని మూడు తప్పులు గాదు, ఒక్కటే తప్పు. మొదటిది తెల్సుంటే రెండోది ఎట్ల జేస్త?"

ముప్పది యేండ్లుగ నోటుపుస్తకములు దిద్దుచున్న మాకు ఈ మాట తగులవలసినచోట తగిలినది. ఒక బాలుడు సోమవారము లెక్కలో తప్పు చేసిన, మంగళవారము ఎఱ్ఱసిరాతో దిద్ది యిత్తుము. బుధవారము వాడు ఆ తప్పు చేయడు. నెలదినములు పుస్తకములు దాచియుంచి, ముప్పది మార్లు చేసిన యొక్కతప్పునకు ముప్పది దండనములు వేసినచో దానిని విద్యనేర్పుట యనరు. మాకు మూడవదినముననే చలాను వచ్చినది గనుక మేము నేర్చుకొంటిమి. ఆయనకు నెల దాటి వచ్చినది. కెమెరా ఒక్కటే, వేగపరిమితి ఒక్కటే, జరిమానా ఒక్కటే. మాకది టీ చల్లారులోపల తీఱిన వేడుక. ఆయనకు మూడింటికిని కలిపి ఐదు దినముల బ్రదుకు, బిడ్డకు ఆఱు దినముల చదువు.

ఆయనతో కూడ నడచి ఆ స్తంభమువఱకు పోయితిమి. అప్పుడు గాని మేము చూడని సంగతి యొకటి కనబడెను. 40 అను బోర్డు ఉన్నది. దాని ముందర ఒక నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ, వెనుకనుండి వచ్చువారికి ఒక్క అంచు తప్ప బోర్డు కనబడకుండునట్లు కట్టబడియున్నది. ఆ ఫ్లెక్సీ ఆగస్టు నెలలోనిది. "ఇచట వేగమును కెమెరా కొలుచుచున్నది" యను హెచ్చరిక బోర్డు ఎచ్చటను లేదు. మేము స్థానికులమగుటచే బోర్డుతో పనిలేకయే 40 అని ఎఱుగుదుము. తెల్లవాఱుజామున మూడు గంటలకు పల్లెనుండి వచ్చువాడు ఎఱుగడు.

ఆ రాత్రి చట్టము తెఱచి చదివితిమి. చేయవలసిన పనిని ఏడాది ఆలస్యముగ చేసితిమి. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణతో యంత్రములచే రోడ్లను కాపలా కాయు విధానము చేరినది. తేలిక వాహనము వేగము మీఱిన 1,000 నుండి 2,000 రూపాయల వఱకును, మధ్యతరహా, భారీ వాహనములకు 2,000 నుండి 4,000 వఱకును జరిమానా యని ఆ కేంద్రచట్టములో వ్రాసిరి. 2021 ఆగస్టులో కేంద్రమువారు దీనికి నియమములు ప్రకటించిరి. వానిని చదువగా, వ్రాసినవారు వివేకవంతులని తోచినది. కెమెరాకు అధికారుల ఆమోదపత్రము ఉండవలెననియు, దానిని ఏటేట క్రొత్తది చేయించవలెననియు, కెమెరా కాపలాయున్న రోడ్డునకు ముందుగ స్పష్టమైన హెచ్చరిక బోర్డు నిలుపవలెననియు, తప్పు జరిగిన పదునైదు దినములలోపల నోటీసు పంపవలెననియు అందు చెప్పిరి. న్యాయము కాగితముపై నున్నది. మా మలుపు కడకు వచ్చుసరికి ఫ్లెక్సీ చాటున దాగినది.

తండ్రి నవంబరులో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మొత్తము తీర్చెను. తీర్చనిచో యజమాని బండి ఇయ్యడు. డిసెంబరు చివర తెలంగాణమంతటను పేరుకొన్న పాత చలానులకు రాయితీ ప్రకటింపబడినది. ద్విచక్ర వాహనములకు నూటికి 80 వంతులు, కార్లకు 60 వంతులు తగ్గించిరి. ఇట్టి రాయితీ 2022 మార్చిలోను ఒకమారు ఇచ్చియుండిరి. బీదలకు ఊరట యని తలచి చేసిన పనియే, అనేకులకు ఊరట కలిగినమాట నిజమే. ఐనను, అప్పుచేసి వేళకు కట్టినవానికి మొత్తము పడినది, ఏండ్ల తరబడి కట్టనివానికి తగ్గినది. ఆ వార్త వచ్చిన దినమున బాలుడు తరగతిలో మా ముఖమువంక చూచుచుండెను. మేము నల్లబల్ల వైపు తిరిగి, అక్కఱలేని సమీకరణమొకటి పొడుగుగ వ్రాసితిమి.

ఇన్ని చూచినపిదప కెమెరాలు వలదని యనవలెనా? ఈ సందేహముతో నుండగా, అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున మాంట్‌గోమరీ కౌంటీలో కాపురమున్న మా పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి మమ్ము చూడవచ్చెను. అది వాషింగ్టను నగరపు శివారు. మన తెలుగువారు అనేకులు అచట కలరు. అతడును కెమెరాకు చిక్కినవాడే. అతని మాటలు విని, తరువాత మేమును చదివి తెలిసికొన్నదానిని క్లుప్తముగ చెప్పుదుము.

అచట 2007లోనే ఇండ్లున్న వీధులందును బడుల దాపునను కెమెరాలు పెట్టిరి. పరిమితికి గంటకు 12 మైళ్లు మించినగాని కెమెరా పట్టదు. జరిమానా అందఱికిని 40 డాలర్లుగ ఉండెను. 2025 అక్టోబరునుండి మీఱినకొలది హెచ్చునట్లు మెట్లుగ మార్చిరి. 40 మైళ్లకు పైగా మీఱినవానికి 425 డాలర్లు. అంతమాత్రమున లైసెన్సుపై మచ్చ పడదు. ఇన్సూరెన్సు కంపెనీల పక్షమున రహదారి భద్రతను పరిశీలించు సంస్థయొకటి 2015లో వెల్లడించిన ఫలితముల ప్రకారము, ఆ కౌంటీలో కెమెరాలున్న రోడ్లపై పరిమితికి 10 మైళ్లకు పైగా మీఱువారి అవకాశము నూటికి 59 వంతులు తగ్గినది. ప్రాణము పోవునట్టి, అంగవైకల్యము కలుగునట్టి ప్రమాదములు 19 వంతులు తగ్గినవి. కనుక కెమెరా పనిచేయును. ఇది మా యభిమానపు మాట కాదు, లెక్క.

కాని ఆ దేశమువారు ఈ యంత్రముచే మోసపోయినవారు కూడ. ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి నగరమును ఆనుకొని ఎల్మ్‌వుడ్ ప్లేస్ అను చిన్న యూరు కలదు. జనసంఖ్య రెండువేల చిల్లర. 2012లో కెమెరాలు పెట్టగా, తొలి నెలలోనే జనసంఖ్యకు సుమారు మూడురెట్ల నోటీసులు బయలువెడలినవి. జరిమానా 105 డాలర్లు. 2013 మార్చిలో న్యాయమూర్తి దానిని మూడుముక్కల జూదముతో పోల్చి నిలిపివేసెను. మేరీలాండులోనే బాల్టిమోరు నగరమున, ఎఱ్ఱదీపము కడ కదలక నిలిచియున్న కారునకు వేగము మీఱెనని నోటీసు పంపినట్లు 2012లో వార్తాపత్రిక బయటపెట్టినది. నిలిచినకారు గంటకు 38 మైళ్లు పోయెనట! మరుసటి యేడు అచట కెమెరాలను ఆపివేసిరి. షికాగోలో 2015 నుండి 2019 వఱకు వేసిన చలానులను ప్రోపబ్లికా అను వార్తాసంస్థ పరిశీలించి, నల్లజాతివారును హిస్పానికులును అధికముగ నున్న ప్రాంతముల కుటుంబములకు తెల్లవారి ప్రాంతములకంటె రెట్టింపు చలానులు పోయినవని 2022లో తెలిపెను. యంత్రము రంగు చూడలేదు. ఆ పేటలలోని రోడ్లు వెడల్పైనవి, నడచువారు తక్కువ. అట్టి రోడ్డుపై ఎవ్వరైనను వేగముగనే పోవుదురు. మా యూరి రోడ్డు వలెనే.

ఈ దెబ్బలు తిన్నపిదప మేరీలాండువారు 2014లో నొక చట్టము చేసిరి. అందు మాకు నచ్చిన అంశము, కెమెరా నడుపు కంపెనీకి చలానునకింత యని కూలి ఇయ్యరాదనుట. ఊరివారికి కెమెరాలవలన వచ్చు మిగులు, మొత్తము ఆదాయములో పదవవంతు మించిన, ఆ మించినది రాష్ట్రమునకు పోవలెనను కట్టడియు అచట నున్నది. వలవేయువానికి చేపల లెక్కన కూలి యిచ్చినచో వాడు చేపలున్నచోటనే వల వేయును గాని, పిల్లలు మునుగుచోట వేయడు గదా. ఇక ఫిన్లాండువారు మఱొక మెట్టు ఎక్కిరి. అచట చిన్నతప్పులకు నియమిత జరిమానాయే గాని, మిక్కిలి వేగము మీఱినవానికి వాని దినాదాయమును బట్టి వేయుదురు. 2023లో 50 కిలోమీటర్ల రోడ్డుపై 82 వేగమున పోయిన యొక కోటీశ్వరునకు 1,21,000 యూరోలు పడినవి. ఈ పద్ధతి మన దేశమునకు ఒప్పునో ఒప్పదో మేము తేల్చిచెప్పలేము. ఆదాయపు లెక్క తేల్చుటయే కష్టమైనచోట దినాదాయమును తేల్చువారెవరు? ఐనను మా 1,035యు ఆ తండ్రి 1,035యు ఒక్కటే యని యనుకొనుట మాత్రము ఇక మా వలన కాదు.

సభలో ఆ బాలిక చెప్పిన మాట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. కెమెరా ముఖము చూడదని ఆమె యన్నది. అది సత్యమే. కాని పరిమితి ఎంత యుండవలెనో, స్తంభము ఎచట నాటవలెనో, బోర్డును కనబడనిచ్చుట యెవరి పనియో, నోటీసు ఎన్నిదినములలో చేరవలెనో, రాయితీ ఎవరికి ఇయ్యవలెనో, ఇవన్నియు మనుష్యుల పనులే. మేము అర్జీ వ్రాసినప్పుడు కెమెరా కావలెనని వ్రాసితిమి. కాలిబాట కావలెనని వ్రాయలేదు. రోడ్డు దాటుచోట ఎత్తైన అడ్డుకట్ట కావలెనని వ్రాయలేదు. బోర్డులకు కాపలా ఎవరని అడుగలేదు. అడిగినది ఇచ్చిరి. ఆ మూడవ తరగతి చిన్నది ఇపుడు ఏడవ తరగతికి చేరి, కొంచెము కుంటుచునే, రోజును ఆ రోడ్డు దాటుచున్నది. ఆమె దాటుచుండగా చూచినప్పుడు కెమెరా తీసివేయుడని మేము అననేరము. బాలుని చూచినప్పుడు అది చాలునని అననేరము. ఇదియే ఆనాడు సభలో పలుకవలసియుండి పలుకలేకపోయినది.

సభ జరిగిన మఱుసటి శనివారము, తొమ్మిదవ తరగతివారిలో పండ్రెండుగురిని తీసికొని రోడ్డు ప్రక్కన నిలిచితిమి. 50 మీటర్లు కొలిచి సున్నముతో రెండు గీతలు గీచి, స్టాపువాచీలతో గంటసేపు బండ్ల వేగము కొలిచితిమి. కెమెరాకు ముందు మలుపునందు సగముకంటె ఎక్కువ బండ్లు 40 మీఱినవి. స్తంభము కనబడగానే వేగము తగ్గినవి. దాటగానే మరల హెచ్చినవి. పాఠశాల గేటు స్తంభము దాటిన తరువాత నున్నది! స్తంభమును తప్పుచోట నాటిరని కనిపెట్టుటకు పండ్రెండుగురు పిల్లలును, ఒక సున్నపు డబ్బాయు చాలినవి. పట్టిక వ్రాసినది ఆ బాలుడే. వాని చేతివ్రాత మాకంటె మేలు.

ఆ పట్టికను జతపఱచి రెండవ అర్జీ పంపితిమి. ఈసారి కాలిబాట, అడ్డుకట్ట, హెచ్చరిక బోర్డు, స్తంభము స్థానము అన్నియు వ్రాసితిమి. దసరా సెలవుల పిమ్మట హెచ్చరిక బోర్డు మాత్రము వచ్చినది. జీబ్రా గీతలు గీచిరి. తక్కినవి పరిశీలనలో నున్నవని జవాబు. ఫ్లెక్సీల సంగతి ఎవరి శాఖకు చెందినదో తేలలేదు. పండుగలకు ముందు అవి మొలచుచునే యున్నవి. శనివారములందు స్కౌటు పిల్లలు, కట్టినవారి అనుమతి యడిగియే, బోర్డునకు అడ్డములేకుండ ప్రక్కకు జరిపి కట్టుచున్నారు. ఒకరిద్దఱు కోపించిరి. తక్కినవారు తామే వచ్చి త్రాళ్లు పట్టిరి.

మొన్న జనవరిలో నొక ప్రాతఃకాలము మేము బడికి వచ్చుచుండగా ముందర ఆ ట్రాలీ ఆటో పోవుచుండెను. బస్తాల మీద బాలుడు కూర్చుండి, మమ్ము చూచి, చేతిలోని పుస్తకమును పైకెత్తి చూపెను. ఆటో 38, 39 మించలేదు. స్తంభము దాటినపిదపను మించలేదు. మేము వెనుకనే, అంతే వేగమున పోయితిమి. మా వెనుక నగరమునుండి వచ్చు పెద్ద తెల్లకారు ఒకటి, గేటు వచ్చువఱకును, హారను మ్రోగించుచునే యుండెను.